పాత వించెస్టర్‌తో వేటకు వెళ్లే ముందు

టెక్సస్‌లో జింకల వేట మామూలుగా నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. అక్టోబర్ వచ్చిందంటే చాలు, సేఫ్‌లో ముచ్చటగా దాచుకున్న పాత వించెస్టర్ రైఫిల్‌నో ఇథాకా షాట్‌గన్‌నో ఈసారి అడవికి తీసుకెళ్దామని మనసు లాగుతుంది. తప్పేం లేదు. 1950లలో చేసిన మంచి రైఫిల్ ఇవాళ కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాకపోతే తుపాకీ అప్పటిది, కొట్లో కొనే తూటా ఇప్పటిది. ప్రమాదాలు ఎక్కువగా ఈ రెండూ కలిసే చోటే వస్తాయి.

ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. 'తుపాకీ మా ఫ్రెండ్‌ది, రేంజ్‌లో ఊరికే ఒకసారి పట్టుకున్నా' అంటే కుదరదు. తుపాకీ ఎవరిదని కాదు, ఎవరి దగ్గర ఉందన్నదే చట్టం చూస్తుంది. టెక్సస్‌లో వేటాడాలంటే, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

ఇక షాట్‌గన్లు, అంటే ఒక్క బుల్లెట్ బదులు గుప్పెడు చిన్న గుండ్లు చిమ్మే తుపాకీలు. నా లెక్కలో రైఫిల్ కంటే పాత షాట్‌గన్‌తోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వించెస్టర్ మోడల్ 12 గానీ, బ్రౌనింగ్ ఆటో-5 గానీ, తొలినాళ్ల 16 గేజ్ (గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం) తుపాకీల్లో తూటా కూర్చునే ఛాంబర్ పొడవు 2 9/16 అంగుళాలు ఉండేది. ఇప్పుడు కొట్లో దొరికే తూటా 2¾ అంగుళాలది. పేల్చకముందు దాని మూతి మడిచి ఉంటుంది కాబట్టి ఆ పొట్టి ఛాంబర్‌లోకి కూడా సులువుగా దూరిపోతుంది. మోసమంతా అక్కడే ఉంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు లేక, గొట్టం ఇరుకయ్యే భాగంలోకి చొచ్చుకుపోయి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం మీద పొడవు చెక్కి లేకపోతే '2¾ అయ్యుంటుందిలే' అనుకోకండి, తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్‌తో కొలిపించండి.

డమాస్కస్ గొట్టాలున్న పాత పార్కర్, ఎల్.సి. స్మిత్ జంట గొట్టాల తుపాకీలు చూడటానికి ఎంత అందమో చెప్పలేం. ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి, చుట్టి, కొలిమిలో అతికితే వచ్చిన గీతలవి. తక్కువ ఒత్తిడితో పేలే పాత నల్లమందు (బ్లాక్ పౌడర్) కాలం నాటి గొట్టాలు. ఇప్పటి 12 గేజ్ 2¾ అంగుళాల తూటాకు అనుమతించే ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌండ్ల దాకా ఉంటుంది. తక్కువ ఒత్తిడి తూటాలతో వీటిని కాల్చేవాళ్లు లేకపోలేదు. నన్నడిగితే మాత్రం వాటి చోటు గోడ మీదే.

బాతుల వేటకైతే ఇంకో చిక్కు. 1991 నుంచి అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసం గుండ్లు నిషేధం. అందుకని అందరూ స్టీల్ గుండ్లు కొంటారు. సీసం కోసం చేసిన పాత ఫుల్ చోక్ (మూతి దగ్గర బాగా ఇరుకు చేసిన) గొట్టాన్ని ఆ గట్టి గుండ్లు మూతి దగ్గర ఉబ్బించేయొచ్చు. ధర ఎక్కువైనా పాత తుపాకీలకు తగిన, స్టీల్ కంటే మెత్తనైన బిస్మత్ లోహపు గుండ్లు వాడండి, లేదంటే ఆ రోజుకు కొత్త తుపాకీ తీసుకెళ్లండి.

జేబులో 12 గేజ్, 20 గేజ్ తూటాలు కలిపి అస్సలు పెట్టుకోకండి. 20 గేజ్ తూటా 12 గేజ్ గొట్టంలోకి జారి కాస్త ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. తుపాకీ ఖాళీగా ఉందనుకుని వెనక ఇంకో తూటా పెట్టి కాల్చారంటే గొట్టం పగులుతుంది, చేతులు పోతాయి. 20 గేజ్ తూటాలను పసుపుపచ్చగా చేసేది ఇందుకే.

వించెస్టర్ 1897, మోడల్ 12, పాత ఇథాకా 37 పంపు తుపాకీలకు (గొట్టం కింది పట్టును వెనక్కి లాగి ముందుకు తోసి తూటా ఎక్కించేవి) ఇంకో గుణముంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే పంపు ముందుకు తోస్తే, మూసుకున్న మరుక్షణం పేలిపోతుంది. పంపు లాగేటప్పుడు వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉండాలి. ఇప్పటి తుపాకీలకు అలవాటుపడ్డ స్నేహితుడికి ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి మరీ ఇవ్వండి.

వించెస్టర్ 94 లాంటి లీవర్ రైఫిల్లో (ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికీ పైకీ ఆడించి తూటా ఎక్కించేది) తూటాలు గొట్టంలాంటి మ్యాగజైన్‌లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. గట్టి మొనదేలిన బుల్లెట్ ముందున్న తూటా ప్రైమర్‌ని (దెబ్బ తగిలితే మందు అంటించే వెనక భాగం) పొడిస్తే, మ్యాగజైన్‌లోనే పేలొచ్చు. చదును మొనవో గుండ్రని మొనవో వాడాలి, లేదా లీవర్ రైఫిళ్ల కోసమే చేసిన మెత్తని మొనవి. శావేజ్ 99లో మ్యాగజైన్ గుండ్రంగా తిరిగేది కాబట్టి దానికి ఈ గొడవ లేదు. పాత 94కి విడిగా సేఫ్టీ బటన్ కూడా ఉండదు, హామర్‌ని (తూటాను పేల్చే దెబ్బ కొట్టే వెనకభాగపు సుత్తిని) బొటనవేలితో పట్టి మెల్లగా హాఫ్‌కాక్‌కి, అంటే సగం దూరంలో ఆగే చోటికి దించాలి. చలికి వేళ్లు బిగుసుకుపోయినప్పుడు అది జారే ప్రమాదముంది. ఖాళీ తుపాకీతో, గ్లోవ్స్ వేసుకుని ముందే సాధన చేయండి.

సైన్యం నుంచి బయటికొచ్చి వేట రైఫిళ్లుగా మారిన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్‌లు చాలా ఉన్నాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీదైతే 8,00,000 లోపు, రాక్ ఐలాండ్‌దైతే 2,85,507 లోపు సీరియల్ నంబరు ఉన్నవాటిని కాల్చకండి. వాటి రిసీవర్ (గొట్టం వెనక బోల్ట్ ఉండే భాగం) ఉక్కుని తయారీలో అతిగా వేడిచేయడంతో కొన్ని పెళుసుబారి పగిలాయి. పైకి చూస్తే తేడా తెలియదు.

ఏ తుపాకీ అయినా రేంజ్‌కి తీసుకెళ్లే ముందు ఖాళీ చేసి, వెనకనుంచి గొట్టంలోకి వెలుగు చూడండి. మరిచిపోయిన గుడ్డముక్క, కందిరీగల మట్టిగూడు, గట్టిపడ్డ గ్రీజు, ఏదైనా ఉండొచ్చు. బోల్ట్‌లో ఏళ్లనాటి నూనె చలికి జిగురులా మారితే తూటాను పేల్చే సూది (ఫైరింగ్ పిన్) సరిగా కొట్టదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకండి. మూతి భద్రమైన వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి.

శుభ్రం చేసే ఉత్సాహంలో పాత మెరుగు మాత్రం గీకేయకండి. 1964కి ముందు వించెస్టర్ మోడల్ 70 రైఫిల్‌కి కొత్త బ్లూయింగ్ (ఉక్కు మీద నీలి-నలుపు పూత) వేయిస్తే మెరుస్తుంది, ధర పడిపోతుంది. స్క్రూలకు సరిగ్గా పట్టే గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్లే వాడండి. ఇంట్లో పిల్లలున్నా, పండక్కి వచ్చే చుట్టాల పిల్లలున్నా తుపాకీ సేఫ్‌లో, తూటాలు విడిగా తాళంలో ఉండాలి.

సీజన్ అయ్యాక సంక్రాంతికి ఇండియా వెళ్తారేమో. వేటకి వాడిన బ్యాగును ఆ ప్రయాణానికి వాడకపోవడమే మేలు. వాడక తప్పకపోతే ప్రతి జేబూ తిరగేసి దులపండి, జాకెట్ జేబులు కూడా. స్కానర్‌లో ఒక్క తూటా కనిపించినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు దాకా వెళ్తుంది.