తాటి బెల్లం గడ్డ కట్టడం లేదా? పొయ్యి జోలికి వెళ్లకముందు సున్నం చూడండి

పాకం ఉండపాకానికి వచ్చినట్టే ఉంటుంది. అచ్చుల్లో పోస్తారు. తెల్లారి ముట్టుకుంటే బంకలా వేలికి అంటుకుంటుంది. తాటిచెట్ల గీత (చెట్టు గీసి రసం తీయడం) మొదలైన వారంలో నాకొచ్చే ఫోన్లన్నీ దీని గురించే. పూసపాటిరేగ, భోగాపురం తీరం నుంచి ఇంకా ఎక్కువ. అడిగితే అందరూ పొయ్యి సంగతే చెబుతారు. మంట తగ్గిందని ఒకరు, ఇంకో అరగంట కాచామని ఒకరు. బెల్లం మాడుతుంది తప్ప గట్టిపడదు. తప్పు జరిగింది పొయ్యి మీద కాదు, చెట్టు మీద.

చెట్టుకు కట్టిన మట్టి కుండలోకి, అంటే లొట్టిలోకి, దిగే తీపి రసమే నీరా. అది పులవకుండా లొట్టి లోపల సున్నం పూత వేస్తాం. నీరాలో ఎక్కువగా ఉండేది చెరకులో ఉండే చక్కెరే, లీటరుకు సుమారు 100 నుంచి 140 గ్రాములు. నీరా పులిసిందంటే ఆ చక్కెర గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. ఇవి గాలిలో తేమను లాక్కుంటాయి, గడ్డ కట్టనివ్వవు. విడిపోయిన చక్కెరను ఎంత కాచినా మళ్లీ కలపలేం.

చెట్టు కిందే చూడాల్సింది

లొట్టి దించగానే అరచేతిలో చిటికెడు పసుపు వేసుకుని, దాని మీద రెండు చుక్కల నీరా పోయండి. ఎర్రబడితే నీరా బాగుంది. పసుపు పచ్చగానే ఉంటే ఆ లొట్టిని పక్కన పెట్టండి. అర నిమిషం పని. అయినా చెయ్యరు, అన్ని లొట్లూ ఒకే డబ్బాలో వంచేస్తారు. పులిసిన నీరా ఒక్క లొట్టెడు కలిసినా బాండీ అంతా పాడవుతుంది. దయచేసి ఈ ఒక్కటీ మానకండి.

ఒకటి రెండు లొట్లే పచ్చగా ఉంటే లోపం ఆ లొట్టిదే. మట్టి రంధ్రాల్లో పాత పులుపు దాగి ఉంటుంది. మరిగే నీళ్లతో కడిగి, ఎండబెట్టి, పొగ పట్టించండి. అప్పటికీ వాసన పోకపోతే పగలగొట్టేయండి.

అన్నీ పచ్చగా ఉంటే: చచ్చిన సున్నం

నన్ను ముంచింది ఇదే. ఒక ఏడాది పన్నెండు రోజుల పాటు మా ఇంట్లో ఒక్క అచ్చు కూడా గట్టిపడలేదు. లొట్లు మార్చాం. పొయ్యి మార్చాం. పూత సరిగ్గా వెయ్యలేదని తమ్ముడిని తిట్టాను. వాడి తప్పేమీ లేదు, పూత తెల్లగా, దళసరిగా, చూడముచ్చటగా ఉండేది. ఆ వారంలోనే మేనకోడలి పెళ్లి. అమ్మ గిన్నెలో పసుపు వేసి, మా గీత సున్నంలోంచే చిటికెడు తీసి పారాణి కలిపింది. ఎంత రంగరించినా ఎరుపు రాలేదు. "ఈ సున్నం సచ్చిపోనాదిరా బాబూ" అంది. పన్నెండు రోజుల నష్టానికి కారణమేమిటో ఆ గిన్నెలో కనిపించింది.

సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సుద్ద అయిపోతుంది. రంగు మారదు, బరువు తేడా తెలీదు, గోడకు పూస్తే అలాగే తెల్లగా ఉంటుంది. కానీ పులుపును ఆపే క్షార గుణం పోతుంది. తేమ ఉంటే ఈ మార్పు ఇంకా తొందరగా జరుగుతుంది. సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో చూరు కింద మూతి విప్పి వదిలేసిన బస్తా సీజను చివరిదాకా నిలవదు. మేం చేసింది అదే.

కొత్త బస్తా కొన్నా సరే, దుకాణంలో అదెన్నాళ్లు పడి ఉందో మనకు తెలీదు. ఇంటికి తెచ్చాక రెండు పరీక్షలు చెయ్యండి. తడి సున్నంలో పసుపు కలిపితే దిష్టినీళ్ల ఎరుపు వెంటనే రావాలి. లేత నారింజ రంగు దగ్గర ఆగితే వద్దు. ఇంకో చిటికెడు మీద నిమ్మకాయ పిండండి. బుసబుసా పొంగితే అది సుద్ద. మంచి సున్నం అలా పొంగదు.

గుల్ల సున్నమైతే కాల్చిన గుల్ల తెచ్చి మీరే నీళ్లు పోసి విరుచుకోవడం మేలు. విరిచాక ముద్దను బానలో వేసి, పైన నాలుగు వేళ్ల మందం నీళ్లు నిలబెట్టి మూత పెట్టండి. ఆ నీళ్ల మీద పొర కడుతుంది, అదే సుద్ద. దాన్ని పక్కకు తోసి అడుగు సున్నం తియ్యండి. లొట్టి కట్టిన ప్రతిసారీ కొత్త పూత వెయ్యాలి, నిన్నటి పూత లెక్కలోకి రాదు.

మిగతావి

బెల్లం నల్లబడి నాలుక చురుక్కుమంటే సున్నం ఎక్కువైంది. నీరాను కాసేపు కదపకుండా ఉంచి, పైతేట వంచి, గుడ్డలో వడకట్టండి. వాన నీళ్లు పడితే కాచే సమయం పెరుగుతుంది, అంతే. తేనెటీగలు పడితే వడపోతే చాలు. చెట్టు జబ్బు అంటారు కొందరు. నేను చూసినంతలో బెల్లం గడ్డ కట్టకపోవడానికి అది కారణం కాలేదు.

ఇప్పటికే బాండీలో ఉన్న పాకంలో మాత్రం సున్నం వెయ్యకండి. రంగు పోతుంది, చేదెక్కుతుంది, విడిపోయిన చక్కెర తిరిగి రాదు. మాడకముందే దించి పాకంగానే సీసాల్లో పోసుకోండి, దోసెల్లోకి బాగుంటుంది. సాయంత్రం లొట్లు కట్టేలోపు బానలో సున్నం మార్చండి.