ఇంగ్లండ్ పల్లెటూరి పాత చర్చి: ఏ గోడ ఎప్పటిదో పట్టుకోవడం ఎలా

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు వీకెండ్ వస్తే కోటలకీ, పెద్ద పెద్ద కెథడ్రల్స్‌కీ కార్లేసుకుని పోతారు గానీ దారిలో ఊరూరా కనిపించే చిన్న చర్చి దగ్గర ఆగేవాళ్లు తక్కువ. నా లెక్కలో అసలు మజా అక్కడే ఉంది. కెథడ్రల్‌లో గైడు చెప్పింది వింటాం, ఇక్కడైతే మనమే కనిపెట్టొచ్చు.

వెళ్లగానే లోపలికి దూరకండి. ముందు బయట ఒక ప్రదక్షిణం చెయ్యండి. మధ్యయుగపు చర్చి దాదాపు ఎప్పుడూ తూర్పుముఖంగా ఉంటుంది. తూర్పు చివర బలిపీఠం ఉండే భాగం చాన్సెల్, మధ్యలో జనం ఉండే హాలు నేవ్, పడమర చివర చాలాచోట్ల టవర్. చాన్సెల్ రిపేర్ల ఖర్చు ఊరి పంటలో దశమభాగం అందుకునే రెక్టర్ అనే చర్చి అధికారిది, నేవ్ ఖర్చు ఊరివాళ్లది. అందుకే ఊళ్లో ఉన్ని వ్యాపారం బాగా సాగిన రోజుల్లో నేవ్ ఎత్తుగా లేచి, చాన్సెల్ మాత్రం పాతదే మిగిలిపోయిన చర్చిలు కనిపిస్తాయి.

ఇప్పుడు గోడలో అతుకులు వెతకండి. పెంకుటింటికి తర్వాత ఒక గది కలిపితే రెండు గోడలు కలిసేచోట నిలువుగా గీత పడుతుంది కదా, ఇక్కడా అంతే. గోడ మధ్యలో, ఏ మూలా లేనిచోట, మూలకి వాడే పెద్ద రాళ్లు ఒకదానిమీద ఒకటి కనిపిస్తే ఒకప్పుడు కట్టడం అక్కడితో అయిపోయిందన్నమాట. టవర్‌కి నేవ్ వైపు ఉన్న గోడ మీద తలకిందులైన వి ఆకారంలో గీత ఉంటే అది పాత కప్పు ఆనవాలు. తర్వాత నేవ్ గోడలు ఎత్తు చేసో, వాలు తగ్గించో కొత్త కప్పు వేసి ఉంటారు.

తర్వాత కిటికీలు. పైన గుండ్రంగా ఉన్న చిన్న, సన్న కిటికీ అయితే సాక్సన్ల (1066కి ముందు ఇంగ్లండ్‌ని ఏలినవాళ్లు) కాలానిదో నార్మన్ల (1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చి దాన్ని గెలిచినవాళ్లు) కాలానిదో, అంటే సుమారుగా 12వ శతాబ్దం చివరి లోపలిది. పొడుగ్గా, సన్నగా, పైన మొనదేలి ఉంటే 13వ శతాబ్దం. పైభాగంలో రాతి అల్లిక తీగల్లా వంపులు తిరుగుతుంటే 14వ శతాబ్దం మొదటి సగం. నిలువు కమ్మీలు కింద నుంచి ఆర్చి దాకా తిన్నగా పోతే ఆ తర్వాత, 16వ శతాబ్దం మొదటి దాకా ఎప్పుడైనా కావచ్చు. మొనదేలిన ఆర్చీల ఈ శైలిని గోతిక్ అంటారు. దాని మూడు దశలకి ఇప్పుడు వరసగా వాడే ఎర్లీ ఇంగ్లిష్, డెకొరేటెడ్, పెర్పెండిక్యులర్ అనే పేర్లు 1817లో వాస్తుశిల్పి థామస్ రిక్‌మన్ స్థిరపరిచినవి.

కానీ కిటికీ చూసి గోడ వయసు చెప్పేయకండి, అందరూ బోల్తా పడేది ఇక్కడే. వెలుతురు కోసం పాత గోడకే కన్నం పెద్దది చేసి కొత్త కిటికీ పెట్టడం మామూలు. దేన్ని ఏది కోసిందో చూడండి. కోతపడ్డది పాతది, కోసింది కొత్తది. బార్టన్ అపాన్ హంబర్ అనే ఊళ్లో సెయింట్ పీటర్స్ చర్చి టవర్ విషయంలో 1819లో రిక్‌మన్ వాడింది ఇలాంటి తర్కమే. పై అంతస్తు తొలి నార్మన్ పద్ధతిలో ఉంది, కింద ఉన్నది వేరే పద్ధతి, కాబట్టి కిందది అంతకన్నా పాతది, సాక్సన్లది అని తేల్చాడు.

రాయి కూడా మోసం చేస్తుంది. డరమ్ కౌంటీలో ఎస్కమ్ అనే ఊళ్లో 7వ శతాబ్దపు చర్చి ఉంది. దాని రాళ్లు దగ్గర్లోని బించెస్టర్ రోమన్ కోట నుంచి తెచ్చినవి. ఉత్తరపు గోడలో ఒక రాయి మీద ఆరో రోమన్ లీజియన్ (సైన్యదళం) పేరు చెక్కి ఉంటుంది, అదీ తలకిందులుగా. పెట్టిన మేస్త్రీకి చదవడం రాదో, వచ్చినా పట్టించుకోలేదో!

ఇక లోపలికి. నేవ్‌కీ, దానికి ఆనుకుని పొడుగ్గా ఉండే పక్క నడవకీ మధ్య ఉన్న స్తంభాలు, ఆర్చీల వరస చూడండి. ఒక విచిత్రం ఏంటంటే, ఆర్చీల పైన ఉన్న గోడ చాలాసార్లు ఆర్చీల కన్నా పాతది. జనం పెరిగితే పాత బయటి గోడనే తొలిచి ఆర్చీలు పెట్టి, అవతల నడవ కట్టేవాళ్లు. రెండు వైపులా స్తంభాలు వేరేగా ఉంటే రెండు నడవలూ ఒకేసారి కట్టలేదని అనుమానించండి. గోడలో చిన్న గూడు, అందులో నీళ్లు పోయే కన్నం ఉంటే దాన్ని పిసీనా అంటారు, పూజపాత్రలు కడిగిన నీళ్లు అందులో పోసేవాళ్లు. అది పక్క నడవలో కనిపిస్తే అక్కడ ఇంకో బలిపీఠం ఉండేది. ఎత్తున, ఎటూ దారి లేని తలుపు కనిపిస్తే అది సిలువ బొమ్మ నిలబెట్టిన అటకకి ఎక్కే దారి. ఆ అటకల్లో చాలావాటిని 16వ శతాబ్దపు మతసంస్కరణ తర్వాత పీకేశారు.

ఇవన్నీ ఒకేచోట కావాలంటే యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీకి వెళ్లండి, బూట్లు వేసుకుని. 1500 తర్వాత కొద్దికాలానికే ఖాళీ అయిపోయిన ఊరది. చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫర్డ్, పురావస్తు పరిశోధకుడు జాన్ హర్స్ట్ 1950 నుంచి 1990 దాకా అక్కడ తవ్వించారు. మొదట చిన్న చెక్క చర్చి, తర్వాత రాతిది, ఊరు పెరిగేకొద్దీ పక్క నడవలు, ఊరు తగ్గాక వాటిని కూల్చేసి ఆర్చీలు మూసేశారు. కప్పు లేని ఆ గోడలో రాళ్లతో పూడ్చిన ఆర్చీలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఊరు పోయినా పక్క ఊళ్లవాళ్ల వల్ల చర్చి నడిచింది. 1870లో పక్క ఊరు థిక్సెండేల్‌కి సొంత చర్చి వచ్చాక అదీ పలచబడింది. 1959లో టవర్ కొంత కూలింది.

ఒక జాగ్రత్త. 19వ శతాబ్దంలో రిపేర్ల పేరుతో చాలా చర్చిల్లో కొత్త 'పాత' కిటికీలు పెట్టేశారు. ఇలాంటివి చూసి మండిపడే 1877లో కవి, డిజైనర్ విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. అంచులు మరీ పదునుగా, అన్ని కిటికీలూ అచ్చు ఒకేలా ఉంటే మధ్యయుగం అని తొందరపడకండి.

టార్చిలైటు తీసుకెళ్లండి. గోడకి పక్కగా పట్టి వేస్తే అతుకులు తేలతాయి. మీ అంచనా రాసుకున్నాకే పాత కట్టడాల ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్‌లో, రక్షిత కట్టడాల జాబితాలో ఆ చర్చి ఎంట్రీ చూడండి, ఫ్రీనే. ముందే చూస్తే కళ్లు దాన్నే వెతుకుతాయి.