పాత ఇంటి ఫైర్‌ప్లేస్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

పాత ఇంట్లోకి దిగినవాళ్ళు ఫైర్‌ప్లేస్ దగ్గర మొదట చేసే పని ఇటుకలు తోమడం. నేనూ అదే చేశాను. రెండు చలికాలాల పాటు ఇటుకల మీద తెల్లగా పూసే ఉప్పును తోముతూ కూర్చున్నాక, ఒకరోజు నిచ్చెన వేసుకుని కప్పెక్కి చూస్తే పొగగొట్టం నెత్తిన ఉన్న సిమెంటు పలక ఆ చివర నుంచి ఈ చివరకు పగిలి ఉంది. పగులులో గోరు పెడితే మొదలంటా దిగింది. వాన పడ్డ ప్రతిసారీ నీళ్ళు అక్కడ దిగి, ఇటుకల వెంట జారి, నా గదిలో ఉప్పై తేలుతున్నాయన్నమాట. అప్పటి నుంచి కింద ఏ జబ్బు కనిపించినా ముందు పైకి చూడటం అలవాటైంది.

ఏళ్ళ తరబడి వాడని ఫైర్‌ప్లేస్‌లో ‘పనిచేస్తుందేమో చూద్దాం’ అని నిప్పు పెట్టకండి. ముందు పొగగొట్టం శుభ్రం చేయించి, లోపలికి కెమెరా దింపి చూపించుకోండి. బాగా పాత ఇళ్ళలో గొట్టానికి లోపలి తొడుగే ఉండదు, వట్టి ఇటుకలే. తొడుగు ఉన్నా ఆ మట్టి గొట్టాలు నిలువునా బీటలు వారి ఉండవచ్చు. ఆ బీటల్లోంచి వేడి పక్కనున్న కొయ్య దూలాలకు చేరుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పై గదుల్లోకి చేరుతుంది. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. కనుక పడక గదులున్న ప్రతి అంతస్తులోనూ దాన్ని పసిగట్టే అలారం పెట్టాకే మిగతా పని. తొడుగు చెడితే అతుకులు వేసి లాభం లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దింపించడమో, లోపలంతా వేడిని తట్టుకునే పోతపూత పోయించడమో చేయాలి. ఖర్చుతో కూడిన పనే, కానీ ఇందులో బేరం లేదు.

గదిలోకి పొగ తన్నుతోంది

అన్నిటికంటే ఎక్కువ మంది పడే బాధ ఇది. పొగ వస్తోందని చెబితే చాలదు, ఎప్పుడు వస్తోందో చెప్పగలగాలి. కారణం ఆ ‘ఎప్పుడు’లోనే దొరుకుతుంది.

అంటించిన మొదటి కొద్ది నిమిషాలే వచ్చి తర్వాత సర్దుకుంటే, గొట్టం చల్లబడి ఉందని అర్థం. ఇంటి బయటి గోడకు ఆనించి కట్టిన గొట్టాల్లో ఇది మామూలే. లోపల నిలిచిన చల్లగాలి బరువుకు కిందికి దిగుతూ ఉంటుంది. డ్యాంపర్, అంటే గొట్టం దారిని మూసే రేకు, తెరిచి గొంతు కింద, అంటే పొయ్యి పైన గొట్టం మొదలయ్యే ఇరుకు చోట, చేయి పెడితే వేళ్ళకు చల్లగా తగులుతుంది. పాత వార్తాపత్రిక కాగితాలు రెండు గట్టిగా చుట్టి, కొస అంటించి, కాగడాలా గొంతు దగ్గర పట్టుకోండి. కాసేపు మంట తడబడి, ఒక్కసారిగా తిన్నగా నిలబడి పైకి సాగుతుంది. గాలి తిరిగిందన్నమాట. కింద చితుకులు అప్పుడు అంటించండి.

బాగా మండుతూ మండుతూ, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేయగానే పొగ వెనక్కి తన్నితే, ఇంటికి ఊపిరాడటం లేదు. గొట్టం గుండా ఎంత గాలి బయటికి పోతే అంత గాలి ఇంట్లోకి రావాలి. పాత ఇళ్ళకు ఆ గాలి తలుపు సందుల్లోంచి, కిటికీ రెక్కల్లోంచి వచ్చేది. కొత్త కిటికీలు పెట్టి, సందులన్నీ మూసి, ఆపైన ఫ్యాను కూడా గాలి లాగేస్తుంటే, ఇల్లు గొట్టంలోంచే గాలి పీలుస్తుంది, దాంతోపాటు పొగనూ. దగ్గరి కిటికీ ఒక అంగుళం తెరిచి చూడండి. పొగ ఆగిపోతే రోగం తెలిసినట్టే. మంట ఉన్నంతసేపూ ఫ్యాను ఆపి కిటికీ ఓరగా ఉంచుకోవడం చౌకైన దారి. బయటి గాలిని నేరుగా పొయ్యి దగ్గరికి తెచ్చే గొట్టం వేయించుకోవడం శాశ్వతమైన దారి.

ఈదురుగాలి వీచిన రోజునే పొగ వస్తే గొట్టం ఎత్తు కొలవండి. కప్పును చీల్చుకుని వచ్చే చోటి నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపున్న కప్పు ఏ భాగం కంటే అయినా కనీసం 2 అడుగులు ఎత్తు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. తక్కువైతే ఎత్తు పెంచాలి. ఎత్తు సరిపోయినా పొగ వెనక్కి వస్తుంటే, పక్కన ఏపుగా పెరిగిన చెట్టు గాలిని కిందికి మళ్ళిస్తూ ఉండవచ్చు. కొమ్మలు నరికించడం, గాలిని అడ్డుకునే టోపీ బిగించడం తేలికైన పనులు. ముందు అవి చేయండి.

ఎప్పుడు అంటించినా పొగే వస్తుంటే రెండే కారణాలు. ఒకటి, దారి మూసుకుపోయింది: పక్షిగూడు, రాలిన ఇటుక ముక్కలు, సగమే తెరుచుకున్న డ్యాంపర్. రెండు, లెక్క తప్పింది. గొట్టం లోపలి వైశాల్యం పొయ్యి ముఖద్వారం వైశాల్యంలో దాదాపు పదో వంతు ఉండాలి. ముఖద్వారం 36 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు అనుకుందాం. అంటే 1080 చదరపు అంగుళాలు. గొట్టం లోపల 10 బై 10 ఉంటే 100. కావలసింది 108. గొట్టాన్ని పెద్దది చేయలేం కాబట్టి ద్వారాన్ని చిన్నది చేయాలి. ఒక రేకును ద్వారం పై అంచుకు అడ్డంగా పట్టుకుని, మంట మండుతుండగా మెల్లగా కిందికి దించుతూ పోండి. ఈ కొలతలకైతే రెండు, రెండున్నర అంగుళాలు దిగేసరికి పొగ ఆగాలి. ఆగిన చోట గుర్తు పెట్టుకుని, అంత వెడల్పున్న లోహపు పట్టీ శాశ్వతంగా బిగించండి. చేతికి మందపాటి తోలు తొడుగులు మరవకండి.

ఈ పొగ గొడవ కొత్తది కాదు. రంఫర్డ్ ప్రభువుగా పేరుపడ్డ బెంజమిన్ థాంప్సన్ అనే శాస్త్రవేత్త 1796లో దీని మీద ఏకంగా ఒక వ్యాసం ప్రచురించాడు. పొయ్యి లోతు తగ్గించి, పక్క గోడలను ఏటవాలుగా తిప్పి, గొంతును సుమారు 4 అంగుళాలకు ఇరుకు చేస్తే పొగ పైకి లాగుతుంది, వేడి గదిలోకి వస్తుంది అన్నాడు. మీ పొయ్యి లోతు తక్కువగా, పక్కలు వాలుగా ఉంటే దాన్ని ‘వెడల్పు చేయిద్దాం’ అనే మేస్త్రి మాట వినకండి. అది కావాలని అలా కట్టినది.

మంట లేకపోయినా మసి కంపు

వానాకాలంలో, ఎండాకాలంలో కాలిన తారు లాంటి వాసన వస్తుంది. గొట్టానికి అంటుకున్న మసికి చెమ్మ తగిలింది, పైగా గాలి కిందికి దిగుతోంది. సుగంధద్రవ్యాలు చల్లితే రెండు వాసనలవుతాయి. గొట్టం తోమించి, పైన టోపీ పెట్టించి, వాడనప్పుడు డ్యాంపర్ మూసి ఉంచితే చాలావరకు పోతుంది. కొందరు వాడని గొట్టాన్ని రెండు వైపులా బిగదీసి మూసేస్తారు. అలా చేస్తే లోపలి చెమ్మకు దారి లేక గోడే నానుతుంది. వాన పడకుండా, గాలి ఆడేలా మూయాలి.

ఇటుకల మీద తెల్లటి ఉప్పు, కప్పుకు గోధుమరంగు మరక

నేను ఓడిపోయిన చోటు ఇదే. నీటితో కడిగితే ఉప్పు కరిగి ఇటుకలోకే పోతుంది, ఆరగానే మళ్ళీ తేలుతుంది. పొడి కుంచెతో దులిపి, చీపురుతో ఊడ్చి, బయటపడేయండి. ఆ తర్వాత కప్పెక్కి మూడు చోట్ల చూడండి. గొట్టం మీద టోపీ ఉందా? నెత్తి పలక పగిలిందా, దాని అంచు ఇటుకల కంటే బయటికి వచ్చి నీరు కింద చినుకులుగా పడేలా ఉందా? గొట్టం, ఇంటికప్పు కలిసే చోట వేసిన రేకు లేచిపోయిందా?

అనుమానం తీరకపోతే వాన లేని రోజున ఒకరు కింద నిలబడి చూస్తుండగా ఇంకొకరు పైన రబ్బరు పైపుతో నీళ్ళు పట్టండి. ముందు రేకు దగ్గర, ఆగి, తర్వాత ఇటుకల మీద, చివరికి పలక మీద. కింది నుంచి పైకి రావాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లకూ పారి ఏది కారుతోందో తెలియదు. సన్నటి పగుళ్ళకు సాగే గుణమున్న పూత సరిపోతుంది. పలక ముక్కలైతే కొత్తది పోయించడమే. రేకు లేచిన చోట తారు పులమడం ఒక్క వానకాలపు వైద్యం. ఇటుక సందుల్లోకి దూర్చి మెట్లు మెట్లుగా కొత్త రేకు వేయించండి.

సందుల్లో మాలు రాలుతోంది, ఇటుక పెచ్చులూడుతోంది

లోపలా బయటా ఒకే మాలుతో పూడ్చడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మంట తగిలే పొయ్యి లోపల మామూలు సిమెంటు మాలు నిలవదు, వేడికి పగిలి రాలుతుంది. అక్కడ వేడిని తట్టుకునే ఇటుక (ఫైర్‌బ్రిక్), వేడిని తట్టుకునే రిఫ్రాక్టరీ మాలు మాత్రమే వాడాలి, అదీ పావు అంగుళం మించని సన్నటి సందుల్లో.

బయటి పాత ఇటుకకు కథ తిరగబడుతుంది. అది మెత్తటి ఇటుక, సున్నపు మాలుతో కట్టినది. గట్టి సిమెంటు పెడితే చెమ్మ సందుల్లోంచి పోలేక ఇటుక ముఖంలోంచి పోతుంది, ముఖాన్నే పెచ్చులుగా ఊడదీస్తుంది. మాలు ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. చెడాల్సింది మాలే, దాన్ని మళ్ళీ పెట్టుకోవచ్చు. సందును అంగుళం లోతు దాకా గీకి, దుమ్ము ఊది, తడిపి, సున్నపు మాలు కూరి, కొన్ని రోజులు తడి గోనె కప్పి ఉంచండి. తొందరగా ఆరితే పొడై రాలుతుంది.

పొయ్యి వెనక గోడను సుత్తి పిడితో ఒక్కొక్క ఇటుకా తట్టి వినండి. గట్టి ఇటుక కంగుమంటుంది. వదులైనది డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికినదాన్ని సందుల్లో ఉలి పెట్టి పెకలించకండి, పక్క ఇటుకలూ కదులుతాయి. నడిమధ్యన ఉలి పెట్టి పగలగొట్టి ముక్కలుగా తీయండి. గోడ మొత్తం ముందుకు ఉబ్బి ఉంటే మాత్రం చేతులెత్తి, ఫైర్‌ప్లేస్ కట్టడం తెలిసిన మేస్త్రిని పిలవండి.

డ్యాంపర్ కదలదు

తుప్పు కంటే ముందు చెత్తను అనుమానించండి. గొంతు వెనక చిన్న అరుగు ఉంటుంది. మసి, ఆకులు, ఇటుక ముక్కలు అక్కడ పేరుకుని రేకు తెరుచుకోకుండా అడ్డుకుంటాయి. చేతితో తోడేయండి. ఆ తర్వాతా కదలకపోతే కీళ్ళకు తుప్పు వదిలించే నూనె పట్టించి ఒక రాత్రి వదిలేయండి. పని అయ్యాక నూనెను పూర్తిగా తుడవాలి, అది మండుతుంది. రేకు విరిగిపోయి ఉంటే పాతదాన్ని మార్చే ప్రయాస కంటే, గొట్టం నెత్తిన బిగించి గొలుసుతో లాగే డ్యాంపర్ మేలు. అది టోపీ పని కూడా చేస్తుంది.

గొట్టం లోపల నల్లగా, తారులా మెరుస్తోంది

అది క్రియోసోట్. చల్లటి పొగ గోడలకు తగిలి గడ్డకట్టిన పదార్థం. మసి పొడిగా ఉన్నంతవరకు కుంచెతో వస్తుంది, 3 మిల్లీమీటర్ల మందం చేరేసరికి తోమించాలి. గాజులా మెరిసే పొర అయితే కుంచెకు లొంగదు, మందు పెట్టి దాన్ని కుంచెకు లొంగేలా మార్చగలిగిన వృత్తిపనివారికి వదిలేయాలి. అది అంటుకుంటే గొట్టంలో రైలు వెళ్తున్నట్టు హోరు వినిపిస్తుంది. వెంటనే ఇల్లు వదిలి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

మూలకారణం దాదాపు ఎప్పుడూ పచ్చికట్టెలే. తేమ 20 శాతం లోపు ఉన్న కట్టెలే వేయాలి. రెండు చీలికలు ఒకదానికొకటి కొట్టి చూడండి, ఎండినవి టకటకమంటాయి, పచ్చివి మొద్దుగా పలుకుతాయి. మీటరుతో కొలిస్తే అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద కొలవండి, పైన కొలిస్తే అబద్ధం చెబుతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలు వద్దు.

ముఖభాగం: రంగు, మసి

ఇది చివరి పని. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, పరీక్షించకుండా ఉప్పుకాగితంతో రుద్దకండి. చలువరాయికి, సున్నపురాయికి ఆమ్లం తగలనివ్వకండి. ఇసుక ఊది శుభ్రం చేయిస్తే ఇటుక కాల్చినప్పుడు ఏర్పడిన గట్టి పై పొర పోతుంది, ఆ తర్వాత అది నీళ్ళు తాగుతూనే ఉంటుంది.

తొలి మంట

కొత్త మాలు ఆరడానికి డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగండి. తర్వాత మూడు నాలుగు రోజులు రోజుకొక చిన్న మంట, గుప్పెడు చితుకులతో. మంట మండుతుండగా పై గదుల్లోకి వెళ్ళి గోడను తడుముతూ వాసన చూడండి. ఎక్కడైనా పొగ వాసన తగిలినా, గోడ చేతికి మరీ వేడిగా అనిపించినా మంట ఆపి మళ్ళీ కెమెరా దింపించాలి.

ఇక బూడిద. నివురుగప్పిన నిప్పు అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం, రెండు మూడు రోజుల తర్వాత కూడా లోపల నిప్పు కణిక ఉండవచ్చు. మూత ఉన్న ఇనప డబ్బాలోకే ఎత్తి, ఇంటికి దూరంగా, చెక్క మీద కాకుండా నేల మీద పెట్టండి.