థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో గన్ రేంజ్‌కి వెళ్తున్నారా? ముందు మీ వీసా చూసుకోండి

నవంబరు నెలాఖరులో అమెరికాలో వరుసగా నాలుగు రోజులు సెలవులు. ఫాల్ సెమిస్టర్ అసైన్‌మెంట్ల మధ్య కాస్త ఊపిరి పీల్చుకునే టైమ్. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఎటో ఒకటు బయల్దేరతారు. లాస్ వేగాస్ వెళ్తే మెషిన్ గన్ కాల్చి చూడండి రండి అంటూ బోర్డులు పిలుస్తుంటాయి. అదే వారం బ్లాక్ ఫ్రైడే, తుపాకుల మీద కూడా డిస్కౌంట్లు. టెక్సస్‌లో జింకల వేట అప్పటికే మొదలైపోయి ఉంటుంది. ఇంటి దగ్గర బ్యాంకు గార్డు భుజాన తప్ప తుపాకీని దగ్గరగా చూడని వాళ్లకి ఒకసారి కాల్చి చూద్దామనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఇందులో ప్రమాదాలు రెండు రకాలు. ఒకటి తుపాకీ చేతిలో పేలడం. దాని సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు. రెండోది, మీరున్న వీసా మీద తుపాకీ పట్టుకోవడమే నేరం కావడం. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు, కాబట్టి ముందు దీని గురించే చెబుతాను.

పట్టుకుంటేనే నేరం

అమెరికాలో ఎవరైనా తుపాకీ కొనుక్కోవచ్చని మన వాట్సాప్ గ్రూపుల్లో ధీమాగా చెప్పేస్తుంటారు. అది నిజం కాదు. తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడని వాళ్లెవరో ఫెడరల్ చట్టంలో ఒక జాబితా ఉంది. నాన్-ఇమిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చే వీసా) మీద వచ్చినవాళ్లని 1998లో అందులో చేర్చారు. చదువుకి ఇచ్చే ఎఫ్-1, దాని మీద నడిచే ఓపీటీ (చదువు అయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి), ఉద్యోగాల హెచ్-1బీ, వాళ్ల భార్యాభర్తలకీ పిల్లలకీ ఇచ్చే హెచ్-4, కంపెనీ బదిలీల ఎల్-1, మనల్ని చూడ్డానికి అమ్మానాన్నలు వచ్చే బీ-2, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. శిక్ష ఒకప్పుడు పదేళ్ల వరకు ఉండేది, 2022లో 15 ఏళ్ల వరకు పెంచారు.

కొని ఇంట్లో పెట్టుకుంటేనే తప్పు, ఓ గంట అద్దెకు తీసుకుని కాలిస్తే ఏమవుతుంది అనుకోవద్దు. గన్ రేంజ్‌లో (డబ్బు కట్టి తుపాకులు కాల్చే చోటు) అద్దెకు తీసుకున్నా, ఫ్రెండ్ చేతిలోంచి అందుకుని రెండు రౌండ్లు పేల్చినా చట్టం ముందు అది మీ దగ్గర ఉన్నట్టే. రేంజ్ కౌంటర్లో డ్రైవింగ్ లైసెన్స్ చూసి, కాగితం మీద సంతకం పెట్టించుకుని లోపలికి పంపేస్తారు. వీసా ఏమిటని చాలాచోట్ల అడగరు. వాళ్లు అడగనంత మాత్రాన మీకు రక్షణ ఏమీ రాదు.

ఇదంతా కాగితాల మీదే ఉండే చట్టంలే అనుకునేవాళ్లు రెహైఫ్ కేసు తెలుసుకోవాలి. హమీద్ రెహైఫ్ యూఏఈ నుంచి ఎఫ్-1 మీద ఫ్లోరిడా వచ్చి ఒక యూనివర్సిటీలో చేరాడు. మార్కులు రాలేదు, యూనివర్సిటీ తీసేసింది. వేరే కాలేజీకి మారకపోతే, లేదా దేశం విడిచి వెళ్లకపోతే స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హక్కు) పోతుందని చెప్పింది. అతను ఉండిపోయాడు. ఆ తర్వాత ఒక ఫైరింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకులు కాల్చాడు. దానికి 18 నెలల జైలుశిక్ష పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే రుజువు చేయాలని 2019 జూన్‌లో కోర్టు తేల్చింది. ఆ తీర్పు మనకి పెద్దగా ఊరట ఇచ్చేది కాదు. స్టేటస్ గురించి ఇంటర్నేషనల్ ఆఫీసు పంపిన మెయిల్ మన ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది, అంతకంటే రుజువు ఏం కావాలి?

మినహాయింపు ఒకటి ఉంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే, నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కూడా తుపాకీ పట్టుకోవచ్చు, కొనవచ్చు. మన పిల్లలు కొందరు తుపాకులు కొంటున్నది ఈ దారినే. దీని విషయంలో రెండు చోట్ల పొరపాటు పడుతున్నారు.

మొదటిది గడువు. టెక్సస్‌లో మామూలు వేట లైసెన్స్ మీరు ఏ నెలలో తీసుకున్నా ఆగస్టు 31తో అయిపోతుంది. మే నెలలో లైసెన్స్ తీసుకుని, జూన్‌లో తుపాకీ కొని, రెన్యూవల్ మర్చిపోయారనుకోండి. సెప్టెంబరు 1 పొద్దున్నకి మీ అల్మారాలో ఉన్నది నేరం. రెండోది స్టేటస్. స్టేటస్ పోయినవాళ్లది చట్టంలో వేరే క్లాజు, దానికి వేట లైసెన్స్ మినహాయింపు వర్తించదు. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు 90 దాటినా, సెమిస్టర్‌కి సరిపడా క్రెడిట్లు లేకపోయినా స్టేటస్ కదిలిపోతుంది. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు ఉన్నట్టుండి రద్దవడం మనమంతా చూశాం. తర్వాత పునరుద్ధరించారు సరే, ఆ మధ్య రోజుల్లో ఇంట్లో తుపాకీ కూడా ఉన్నవాడి టెన్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

షాపులో కొంటే ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) 4473 అనే ఫారం నింపాలి. పౌరసత్వం, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) నంబరు, నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చారా, వస్తే మినహాయింపు ఉందా, అన్నీ అడుగుతారు. అందులో అబద్ధం రాస్తే అదే ఒక ప్రత్యేకమైన నేరం. గంజాయి వాడతారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. మా రాష్ట్రంలో అది లీగలే కదా అంటే ఫెడరల్ ఫారానికి కుదరదు. గ్రీన్ కార్డు ఉన్న కజిన్ చేత, సిటిజన్ అయిన బాబాయి చేత మీ కోసం కొనిపించడం అంతకంటే ప్రమాదం. అసలు కొనుగోలుదారు ఎవరన్నది దాచి కొనడం నేరమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2022 చట్టం దానికి 15 ఏళ్ల వరకు శిక్ష పెట్టింది. మీ సరదా కోసం ఆ బాబాయి జైలుకి పోవాలా?

వీటికి తోడు రాష్ట్రాల రూల్స్ వేరే ఉంటాయి. ఇల్లినాయ్‌లో, న్యూజెర్సీలో తుపాకీ కొనాలంటే ముందు రాష్ట్రం ఇచ్చే కార్డు కావాలి. కాలిఫోర్నియాలో పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకుని, కొన్నాక పది రోజులు ఆగాలి. టెక్సస్ అలవాటుతో న్యూజెర్సీలో కారు డిక్కీలో తుపాకీ వేసుకుని తిరగకండి.

ఇమిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలది విడిగా ఒక సెక్షన్. దోషిగా తేలితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపించేయవచ్చు. రేంజ్‌లో దిగిన ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టే ముందు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి అప్లై చేసేవాళ్లు సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టాలి. వేట లైసెన్స్ లేని రోజు చేతిలో తుపాకీతో దిగిన ఫొటో మీకు వ్యతిరేకంగా మీరే అప్పగించిన సాక్ష్యం.

ఇంత చదివాక నా అభిప్రాయం అడిగితే, చదువు అయ్యేదాకా, ఇంకా చెప్పాలంటే గ్రీన్ కార్డు వచ్చేదాకా, కొనకండి. రాత్రిపూట భయంగా ఉంది, రక్షణకి కావాలి అంటారు కొందరు. ఆ భయం అబద్ధం కాదు. గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో మనవాళ్లు కాల్పులకి బలైన వార్తలు విన్నాం. కానీ ఎప్పుడూ ప్రాక్టీస్ లేని చేతికి అర్ధరాత్రి నిద్రమత్తులో, చీకట్లో తుపాకీ అందితే ఎదురుగా ఉన్నది దొంగో, నీళ్ల కోసం లేచిన రూమ్మేటో తేల్చుకునేంత వ్యవధి ఉండదు. మంచి తాళం, వెలుతురున్న పార్కింగ్, రాత్రి షిఫ్టు మానేయడం ఎక్కువ మందిని కాపాడతాయి.

లైసెన్స్ ఉండి వెళ్తుంటే

టెక్సస్‌లో వేటాడాలంటే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు దాటినవాళ్లు మొత్తం ఆన్‌లైన్లోనే ముగించవచ్చు. కోర్సుని ఏడాది వాయిదా వేసుకునే వెసులుబాటు కూడా ఇస్తారు. ఆ రెండు సులువు దారులూ వద్దు. మనిషి ఎదురుగా నిలబడి నేర్పే క్లాసుకే వెళ్లండి. స్క్రీన్ మీద చూస్తే మాట గుర్తుంటుంది గానీ వేలు ఎక్కడ పెట్టాలో చేతికి అలవాటు కాదు.

ఏ తుపాకీనైనా తూటా ఉన్నదిగానే భావించాలి. కాల్చకూడని దేని వైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి వెనక ఏముందో చూసుకోవాలి. ఈ నాలుగూ ఏ ఇన్‌స్ట్రక్టర్ అయినా మొదటి పది నిమిషాల్లో చెబుతాడు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది మాత్రం వెనక నుంచి ఎవరైనా పిలిచినప్పుడు. "ఒరేయ్, ఇటు చూడు, ఫొటో" అనగానే మొహంతో పాటు తుపాకీ కూడా వెనక్కి తిరుగుతుంది. లేన్‌లో నిలబడ్డ వాణ్ణి పేరు పెట్టి పిలవొద్దు. ఫొటో కావాలంటే తుపాకీ బల్ల మీద పెట్టించాకే.

మెడ మూసి ఉండే టీ షర్టు, కాలంతా కప్పే బూట్లు వేసుకోండి. పేలిన ప్రతిసారీ ఖాళీ తొడుగు కాలిపోతున్న వేడితో పక్కకి ఎగిరిపడుతుంది. వదులు కాలర్లోంచి ఒంటి మీదికి జారిందంటే మనిషి గంతులేస్తాడు, చేతిలో తుపాకీ ఎటు తిరుగుతుందో చూసుకోడు. అలాంటప్పుడు మంట ఓర్చుకుని ముందు తుపాకీ కింద పెట్టాలి. కళ్లద్దాలు, చెవులకి రక్షణ తప్పనిసరి. మొదటిసారి పాయింట్ 22తో (చిన్న తూటా, తక్కువ కుదుపు) మొదలుపెట్టండి, అది కూడా ఒక్క తూటా మాత్రమే ఎక్కించి. వెనక్కి కొట్టే దెబ్బకి కంగారుపడి వేలు బిగుసుకుంటే రెండో తూటా ఉండకూడదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే తిప్పి చూడొద్దు, అర నిమిషం టార్గెట్ వైపే ఉంచి రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి. సీసం పొడి చేతులకి అంటుతుంది కాబట్టి చేతులు కడుక్కోకుండా చిప్స్ ప్యాకెట్ విప్పకండి. గర్భిణులు రేంజ్‌కి అసలు వెళ్లకూడదు.

శుభ్రం చేసేటప్పుడు

అమెరికాలో చదువుకుంటున్న మన తెలంగాణ కుర్రాడొకరు తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడని 2024లో వార్త వచ్చింది. ఆ కన్నవాళ్ల గురించి ఆలోచిస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఇలాంటి ప్రమాదాలు ఎలా జరుగుతాయో వివరంగా తెలియాలి.

పిస్టల్‌లో తూటాలు రెండు చోట్ల ఉంటాయి, మేగజీన్‌లో (తూటాలు నింపే పెట్టె), చాంబర్‌లో (పేలబోయే తూటా కూర్చునే చోటు). మేగజీన్ తీసేసినా చాంబర్‌లో ఒకటి మిగిలి ఉండొచ్చు. కొందరు తొందరలో ముందు స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) లాగి చాంబర్ ఖాళీ చేసి, తర్వాత మేగజీన్ తీస్తారు. స్లైడ్ వెనక్కి వెళ్లి ముందుకొచ్చేటప్పుడే మేగజీన్‌లోంచి కొత్త తూటా చాంబర్లోకి ఎక్కిపోతుంది. అతని కళ్ల ముందు ఒక తూటా బయటపడింది, మేగజీన్ కూడా చేతిలోకి వచ్చింది, ఖాళీ అయిందని నమ్మేస్తాడు. పైగా గ్లాక్ లాంటి పిస్టళ్లు విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కి తీరాలి. అక్కడే పేలుతుంది.

కాబట్టి వరుస మారకూడదు. ముందు మేగజీన్ బయటికి. ఆ తర్వాత స్లైడ్ రెండు మూడుసార్లు లాగి, వెనక్కి లాక్ చేసి, వెలుతుర్లో చాంబర్లోకి చూడాలి. చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడాలి. తీసిన తూటాలు ఇంకో గదిలో పెట్టి తలుపు వేశాకే నూనె సీసా తీయండి. ట్రిగ్గర్ నొక్కాల్సి వచ్చినప్పుడు కూడా గొట్టం మనిషి లేని వైపే ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో అటువైపు పలచటి గోడ వెనక ఇంకో కుటుంబం ఉంటుందని మరవొద్దు. మందు తాగిన రాత్రి, పార్టీ జరుగుతున్న ఇంట్లో, ఫోన్ మాట్లాడుతూ ఈ పని చేయొద్దు.

ఇంట్లో

రెండు బెడ్‌రూముల్లో నలుగురైదుగురు ఉండే ఇంట్లో తుపాకీ ఒకడిదైనా ప్రమాదం అందరిదీ. తాళం వేసిన పెట్టెలో తుపాకీ, వేరే తాళంలో తూటాలు, తాళంచెవి కొన్నవాడి దగ్గరే. రూమ్మేట్‌కి వేట లైసెన్స్ లేకపోతే, తుపాకీ అతనికి అందుబాటులో ఉండటమే అతని మీదికి కేసు తేవచ్చు. యూనివర్సిటీ హౌసింగ్ రూల్స్, లీజు కాగితం కూడా ఒకసారి చదవండి. పిల్లలున్న కుటుంబాలు, మీ పిల్లల్ని వేరే ఇంటికి ఆటకి పంపేముందు అక్కడ తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని అడగండి. మొహమాటపడొద్దు, అమెరికన్ తల్లిదండ్రులు మామూలుగానే అడుగుతారు.

అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మన పిల్లల మీద లోన్ల భారం ఉంది, ఉద్యోగాలు దొరకని దిగులుంది, ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందని అబద్ధం చెప్పే ఒంటరితనం ఉంది. ఆ దిగులు చాలాసార్లు కొన్ని గంటల్లో, ఒక రాత్రిలో తగ్గుముఖం పడుతుంది. ఆ గంటల్లో చేతికందే దూరంలో తుపాకీ ఉండకపోవడమే ముఖ్యం. స్నేహితుడు నలుగురిలోకి రావడం మానేసి, తన వస్తువులు పంచిపెడుతుంటే, అడగడానికి సంకోచించకండి, ఆ తుపాకీ ఇంట్లోంచి బయటికి వెళ్లే ఏర్పాటు చట్టప్రకారం వెంటనే చేయించండి. 988కి (ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి సాయం చేసే అమెరికా హెల్ప్‌లైన్) ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, ఇంటర్‌ప్రెటర్‌ని అడగవచ్చు.

డిసెంబరులో ఇండియా వెళ్లే ముందు

రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్‌తో ఎయిర్‌పోర్టుకి వెళ్లొద్దు. అడుగు జేబులో, లోపలి చింపులో ఒక్క తూటా మిగిలినా స్కానర్‌లో పడుతుంది. అమెరికా చెక్‌పోస్టుల్లో 2023 ఒక్క ఏడాదే 6,700కు పైగా తుపాకులు పట్టుబడ్డాయి, చాలామంది చెప్పింది బ్యాగ్‌లో ఉన్న సంగతి మర్చిపోయామనే. అక్కడ జరిమానాతో పోవచ్చు. అదే తూటా ఢిల్లీలోనో శంషాబాద్‌లోనో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. తెలిసి తెచ్చింది కాదని తర్వాత కోర్టులో నెగ్గినా, ఈలోపు ఫ్లైట్ పోతుంది, ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, వీసా స్టాంపింగ్ ఫారంలో అరెస్టు గురించి అడిగిన చోట అవునని రాయాల్సి వస్తుంది. రేంజ్‌కి ఒక బ్యాగ్ విడిగా పెట్టుకోండి, దాన్ని ఇంకెందుకూ వాడకండి. బ్యాగ్ ఫ్రెండ్ దగ్గర అరువు తీసుకుంటుంటే జేబులన్నీ బయటికి తిప్పి దులిపి చూశాకే సర్దుకోండి.