ఎగిరి దూకే చీమని ఎలా గుర్తుపట్టాలి: రంగు పక్కన పెట్టి నడుము చూడండి

బెంగళూరు చుట్టూ చెట్లెక్కువున్న క్యాంపస్‌ల్లో, పశ్చిమ కనుమల వైపు జోగ్ ఫాల్స్ దగ్గర అడవుల్లో ఎండుటాకుల మీద ఒంటరిగా తిరిగే పొడుగాటి ఎర్రగోధుమ చీమ ఒకటుంటుంది, మన నీడ పడితే చాలు టక్కున ఆగి తల మన వైపు తిప్పుతుంది, ఇంకాస్త వంగామంటే ఎగిరి అవతల పడుతుంది. దీని పేరు హార్పెగ్నాథోస్ సాల్టేటర్. మనకి బాగా తెలిసిన కలివి కోడిని ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు కదా, ఆ జెర్డనే, మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్, 1851లో ఈ చీమకి పేరు పెట్టాడు.

ఫోటోలు పెట్టి ఇది అదేనా అని అడిగేవాళ్ళు చాలామందే ఉంటారు, అందులో ఎక్కువ వేరే చీమలే అయ్యుంటాయి, కొన్నయితే అసలు చీమలే కావు. ఎందుకంటే అందరూ ముందు రంగూ సైజూ చూస్తారు. ఎర్రగా పెద్దగా ఉండే చీమలు మన దగ్గర బోలెడు, కాబట్టి ఆ రెండూ చివరికి ఉంచుకోండి, ముందు ఒంటి కట్టు చూడండి.

అన్నిటికంటే ముందు కాళ్ళు లెక్కపెట్టండి, నిజంగానే చెప్తున్నా. మిర్మరాక్నే అనే సాలీళ్ళు అచ్చం చీమల్లా ఉంటాయి, ముందు కాళ్ళు పైకెత్తి మీసాల్లా ఆడిస్తాయి, పైగా వాటిలో మగవాటికి నోటి ముందు కోరలు బాగా పొడుగ్గా సాగి ఉంటాయి, అవసరమైతే దూకుతాయి కూడా. మసక ఫోటోలో ఎవరైనా బోల్తా పడతారు. ఎనిమిది కాళ్ళుండి మీసాలు లేవంటే సాలీడే, ఇంక చూడక్కర్లేదు.

ఆరు కాళ్ళే అయితే నడుముకి రండి. చీమని పక్క నుంచి చూస్తే ఛాతీకీ పొట్టకీ మధ్య ముడి ఉంటుంది, అది ఒకటా రెండా అన్నదే అసలు ప్రశ్న. మన చీమకి ఒకటే. రెండుంటే వేరే ఉపకుటుంబం, చెట్ల మీద తిరిగే టెట్రాపొనెరా రూఫోనైగ్రా అలాంటిదే, ఛాతీ ఎరుపు, తల పొట్ట నలుపు, కళ్ళు పెద్దవి, గట్టిగా కుడుతుంది, చాలామంది దీన్నే దూకే చీమ అనుకుంటారు. ముడులు లెక్కపెడితే అక్కడితో తేలిపోతుంది.

ఒకటే ముడి ఉంటే పొట్ట చూడండి. మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య చుట్టూ నొక్కినట్టు సన్నటి గాడి ఉండి, చివర్న కుట్టే ముల్లు ఉంటే పోనెరినే అనే ఉపకుటుంబం, ఈ చీమ అందులోదే. ఇంట్లో తిరిగే గండు చీమకి ఆ గాడీ ఉండదు ముల్లూ ఉండదు, పొట్ట చివర యాసిడ్ చిమ్మే చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. ముల్లు చాలాసార్లు లోపలికే ఉంటుంది, ఫోటోలో కనపడలేదని తీసిపారేయకండి, గాడి కనిపిస్తే చాలు.

ఇప్పుడు మొహం. జీనస్, అంటే దగ్గరి జాతులన్నీ కలిపిన గుంపు, తేలేది ఇక్కడే కాబట్టి ఎంత టైమైనా పెట్టండి. దవడలు దాదాపు తలంత పొడుగు, సన్నగా పట్టకారులా ముందుకి సాగి, పక్క నుంచి చూస్తే కొసలు పైకి వంగి ఉంటాయి, లోపలి అంచున చిన్న చిన్న పళ్ళు కనిపిస్తాయి. కళ్ళు మాత్రం చూసి తీరాలి, చాలా పెద్దవి, తల మధ్యలో కాకుండా బాగా ముందుకి, దవడల మొదళ్ళకి దాదాపు ఆనుకుని ఉంటాయి. ఇది వాసన బాట పట్టుకుని గుంపుగా పోయే రకం కాదు, పగటి పూట ఒంటరిగా కంటితో చూసి వేటాడుతుంది, ఆ కళ్ళు అందుకే. పొడుగు దవడలున్న ఇంకో చీమ ఓడొంటోమాకస్, దాని దవడలు వంపు లేకుండా తిన్నగా ఉండి తల ముందు మధ్యలో పక్కపక్కనే మొదలై 180 డిగ్రీలు తెరుచుకుంటాయి, కళ్ళు చిన్నవి, నడుము ముడి పైన ముల్లులా మొన ఉంటుంది. లెప్టోజెనిస్‌కి కూడా దవడలు సన్నగానే ఉంటాయి గానీ వాటిలో చాలా జాతులు గుంపులుగా వేటకెళ్తాయి, పైగా కళ్ళు ఇంత పెద్దవి కావు.

ఇవన్నీ కలిశాక అప్పుడు రంగు చూడండి. తల, ఛాతీ ఎర్రగోధుమ, పొట్ట నలుపు వైపు, కాళ్ళు లేత పసుపు గోధుమ, పొడవు 15 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. హార్పెగ్నాథోస్‌లో మన దేశంలో వెనేటర్ అనే ఇంకో జాతి కూడా ఉంది, అది ఉత్తరం, ఈశాన్యం వైపు ఉండేది, కాబట్టి ఎక్కడ చూశారో రాయకపోతే జాతి దాకా వెళ్ళడం కష్టం.

రాణా కాదా అన్నది సైజు చూసి తేల్చకండి, ఈ జాతిలో రాణికీ పనిచీమకీ పెద్ద తేడా ఉండదు, రాణి చనిపోతే కొన్ని పనిచీమలు మీసాలతో ఒకదాన్నొకటి కొట్టుకుని పోటీ పడి గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి, వాటిని గేమర్‌గేట్లు అంటారు. అలా మారినప్పుడు మెదడు చిన్నదైపోతుందనీ, మళ్ళీ పనిచీమగా మారిస్తే తిరిగి పెరుగుతుందనీ 2021లో తేలింది. నాకు ఈ చీమ మీద ఇంత ఇష్టం రావడానికి సగం కారణం అదే.

ఫోటోకి ఫోన్ మీద బిగించే మాక్రో లెన్స్ చాలు. ఉదయం పూట ఎండుటాకుల మీద చూడండి, మీ నీడ దాని మీద పడకుండా కూర్చోండి, బర్స్ట్ మోడ్‌లో పక్క నుంచి, పై నుంచి, ఎదురుగా తీయండి. మూడిట్లో పక్క నుంచి తీసిందే ముఖ్యం, ముడి, గాడి, దవడ వంపు మూడూ అందులోనే వస్తాయి. చేత్తో పట్టుకోవద్దు, కుడితే బాగా నొప్పి. గూడు తవ్వొద్దు, కాలనీలో ఉండేవి మామూలుగా కొన్ని పదుల చీమలే, పై గదుల గోడలకి ప్యూపా గూళ్ళ పొట్టు అతికించి మరీ కట్టుకుంటాయి, ఒక్క పార దెబ్బకి అదంతా పోతుంది. రక్షిత అడవుల్లో అయితే అటవీ శాఖ పర్మిషన్ లేకుండా పురుగులు సేకరించడం కుదరదు.

మొక్కల, జంతువుల ఫోటోలు పెట్టి గుర్తుపట్టే ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టేటప్పుడు తేదీ, టైము, చోటు, నేల మీదా చెట్టు మీదా, ఒంటరిగానా గుంపుగానా, దూకడం కళ్ళారా చూశారా లేదా అన్నీ రాయండి. నడుము ముడి కనపడని ఫోటో అయితే జాతి పేరు వేయకుండా ఫార్మిసిడే, అంటే చీమల కుటుంబం, దగ్గరే ఆపండి, ముడీ గాడీ మాత్రమే కనిపిస్తే పోనెరినే, మొహం కూడా స్పష్టంగా ఉంటే హార్పెగ్నాథోస్, చోటు కూడా దక్షిణాదే అయితే అప్పుడు సాల్టేటర్ అని రాయండి.