మేడ మీద మూకీ సినిమా వేయాలంటే

మా అమ్మకు ఎనభై రెండేళ్లు. ఆరేళ్లుగా వినికిడి బాగా తగ్గింది. మిషన్ పెట్టుకుంటే రొద తప్ప మాట తెలియదంటుంది. టీవీలో సినిమా వస్తుంటే "ఏమన్నాడే?" అని అడిగేది. నేను చెప్పేలోపు ఇంకో మాట దాటిపోయేది. మెల్లగా అడగడమే మానేసింది. అది నన్ను చాలా బాధపెట్టింది. ఒక ఆదివారం నా కోసం పెట్టుకున్న హాలీవుడ్ హాస్యనటుడు బస్టర్ కీటన్ మూకీ (మాటలు వినిపించని పాత సినిమా) పక్కన కూర్చుని చూస్తూ, నాకంటే ముందు తనే నవ్వింది. అప్పటినుంచి చెన్నై వెస్ట్ మాంబళంలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద నెలకొక మూకీ వేస్తున్నాను. నాలుగేళ్లలో తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మీరూ వేయాలనుకుంటే పనికొస్తాయి.

మొదటిసారికి పెద్ద సినిమా వద్దు. మూకీ చూడటం అలవాటు లేని కళ్లు ముప్పావు గంటకు అలసిపోతాయి. నేనైతే కీటన్ 'షెర్లాక్ జూనియర్' (1924)తో మొదలుపెట్టమంటాను. నిడివి 45 నిమిషాలే. సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే కుర్రాడు నిద్రపోయి, కలలో తెరలోకే నడిచి వెళ్లిపోతాడు. మేడ మీద ప్రొజెక్టర్ పెట్టుకుని చూసేవాళ్లకు ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది? అందులో రైలు నీళ్ల ట్యాంకు దగ్గర ఒక సీను ఉంది. ఆ నీటి ధాటికి కీటన్ మెడ ఎముక విరిగింది. ఆ సంగతి ఆయనకు ఏళ్ల తర్వాత ఎక్స్-రే తీసినప్పుడు గాని తెలియలేదు. ఇలాంటివి సినిమా అయ్యాకే చెప్పండి. ముందే చెబితే పిల్లలు నవ్వరు, భయపడతారు. రెండోసారికి హెరాల్డ్ లాయిడ్ 'సేఫ్టీ లాస్ట్' (1923) వేయండి. గడియారం ముల్లు పట్టుకుని వేలాడే సీనుకు మా మేడ మీద ఒక్కరూ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోలేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, వేగం. మూకీల్లో మనుషులు గబగబా బొమ్మల్లా నడుస్తారని చాలామంది అనుకుంటారు. అప్పట్లో జనం చూసింది అలా కాదు. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది సినిమాను బట్టి మారేది. టాకీలు వచ్చాక 24 ఫ్రేములకు స్థిరపడింది. 18 ఫ్రేముల్లో తీసినదాన్ని 24లో నడిపితే అందరూ పరుగెత్తుతున్నట్టే ఉంటుంది. నెట్‌లో దొరికే పాత కాపీల్లో ఈ తప్పు చాలా ఎక్కువ. కంప్యూటర్‌లో వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌లో చదరపు బ్రాకెట్ల మీటలు రెండు ఇందుకు పనికొస్తాయి. ఎడమది నొక్కితే వేగం కొంచెం తగ్గుతుంది, కుడిది నొక్కితే పెరుగుతుంది. ఎవరో ఒకరు మామూలుగా వీధిలో నడిచే సీను చూసి, ఆ నడక మన వీధిలో మనిషి నడకలా కనిపించేదాకా తగ్గించండి. తరుముకునే సీన్లను మాత్రం కొలతగా పెట్టుకోకండి, వాటిని కావాలనే వేగంగా కనిపించేలా తీసేవారు. బాగుచేసి విడుదల చేసిన మంచి డిస్క్ అయితే వేగం సరిగ్గానే ఉంటుంది, ముట్టుకోవద్దు.

తెర నీలంగా మారితే ప్రొజెక్టర్ పాడైందనుకుని మా పక్కింటాయన లేచి వచ్చారు. నీలం అంటే రాత్రి, ఎరుపు అంటే మంట. ఫిల్మును రంగులో ముంచి అలా చెప్పేవారు. మొదలుపెట్టేముందే ఒక్క మాట చెప్పేయండి.

తెరకు పంచె, దుప్పటి కట్టి చూశాను. సాయంత్రం సముద్రం గాలికి అది ఊగుతుంటే మొహాలు వంకర్లు తిరిగాయి. ఇప్పుడు నీళ్ల ట్యాంకు గోడకు ఆరడుగుల వెడల్పున తెల్ల సున్నం వేయించాను. గోడ లేకపోతే గుడ్డ అడుగు అంచు కుట్టించి అందులో ప్లాస్టిక్ పైపు దూర్చండి. ప్రొజెక్టర్ కొనేటప్పుడు త్రో రేషియో (తెరకు ఉండాల్సిన దూరం బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) అడగండి. అది 1.5 అయితే ఆరడుగుల బొమ్మకు తొమ్మిదడుగుల దూరం కావాలి. దోమల చుట్టలు ప్రొజెక్టర్‌కు వెనకపక్క పెట్టాలి, లేకపోతే పొగంతా బొమ్మలోనే. చెన్నైలో జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. ఏడు గంటలకు బాగా చీకటి పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల్ని నమ్ముకోలేం.

అమ్మకు ఇంగ్లీషు రాదు. అందుకే మాటల కార్డులకు (సీన్ల మధ్య తెర మీద వచ్చే రాతలకు) నేనే తెలుగు సబ్‌టైటిల్ రాస్తాను. ఇది ఓపిక పని, కానీ కష్టమైనది కాదు. నోట్‌ప్యాడ్‌లో మొదటి వరుసలో వరుస సంఖ్య, రెండో వరుసలో కార్డు వచ్చే సమయం, పోయే సమయం (00:03:12,000 --> 00:03:17,000 ఇలా), మూడో వరుసలో తెలుగు మాట, ఆ తర్వాత ఒక ఖాళీ వరుస. ఫైల్‌కు సినిమా పేరే పెట్టి, చివర .srt చేర్చి, ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 ఎంచుకుని సేవ్ చేయాలి. వీఎల్‌సీలో సబ్‌టైటిల్ ఫాంటును నోటో సాన్స్ తెలుగుకు మార్చకపోతే వత్తులు విడిపోవచ్చు. పెద్దవాళ్లు నిదానంగా చదువుతారు కాబట్టి, కార్డు పోయాక కూడా తెలుగు మాటను రెండు సెకన్లు ఉంచుతాను. వరుసకు ఏడెనిమిది మాటలు మించనివ్వను. భార్య భర్తను పిలిచేచోట "ఏవండీ" అనే వేస్తాను. రెండో అంతస్తు మామి తమిళంలో పైకి చదివి చెబుతారు. మన ఊళ్లలో మూకీలు ఆడిన రోజుల్లో చదవడం రాని జనానికి హాల్లో ఒకరు ఇలాగే చదివి వినిపించేవారు.

మూకీని నిశ్శబ్దంగా మాత్రం చూపించకండి. అప్పట్లో కూడా పియానోనో, ఆర్కెస్ట్రానో వాయించేవారు. చాప్లిన్ 'సిటీ లైట్స్' (1931) లాంటి వాటికి ఆయనే కూర్చిన సంగీతం ఉంది, అది అలాగే ఉంచాలి. మిగతావాటికి మూడో అంతస్తు అబ్బాయి మృదంగం, వాళ్ల అక్క వయొలిన్. ఇద్దరూ సినిమాను ముందు రెండుసార్లు చూస్తారు. ఎవరైనా కిందపడ్డ ప్రతిసారీ దరువు వేయవద్దని, నవ్వొచ్చే చోటికి ఒక క్షణం ముందే ఆపేయమని చెబుతాను. మృదంగం, అమ్మ ఒకే చెక్క బల్ల మీద కూర్చుంటారు. ఆ అదురు అరచేతికి తెలుస్తోందని అమ్మ చెప్పింది. అప్పటినుంచి ఆ బల్ల అక్కణ్నుంచి కదల్లేదు.

పిల్లలు వస్తే ఒకసారి అన్నాసాలై తపాలా ఆఫీసు ఆవరణకు తీసుకెళ్లండి. 1913లో మొదలైన ఎలక్ట్రిక్ థియేటర్ భవనం అక్కడుంది. మరుసటి ఏడాదే మన రఘుపతి వెంకయ్య నాయుడు గారు ఇదే ఊళ్లో గెయిటీ థియేటర్ కట్టారు. ఆయన కొడుకు ప్రకాష్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' చూపించమని మా మేడ మీద పిల్లాడొకడు అడిగాడు. దాని ప్రింటు మిగల్లేదని చెప్పాల్సి వచ్చింది. మన దేశంలో తీసిన వెయ్యికి పైగా మూకీల్లో మిగిలినవి చాలా కొద్ది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అయిదారు మూకీలు చూశాక పెద్దవాళ్లకు 'డబుల్ ఇండెమ్నిటీ' (1944) వంటి నువార్ సినిమా (నేరం, మోసం చుట్టూ తిరిగే, నీడలు నిండిన టాకీ) వేయవచ్చు. మొదటి పది నిమిషాలు శబ్దం తీసేసి చూడండి. కిటికీ పట్టీల నీడలు మొహాల మీద పడుతుంటే ఎవరు ఎవరిని మోసం చేయబోతున్నారో సగం అర్థమైపోతుంది. దాన్ని తీసిన బిల్లీ వైల్డర్ అంతకుముందు బెర్లిన్‌లో మూకీకి రాసినవాడే.

వచ్చే నెల మా మేడ మీద జర్మన్ దర్శకుడు మూర్నావ్ తీసిన 'సన్‌రైజ్' (1927). అందులో భార్యను నీళ్లలో ముంచేయమని ఒకామె సూచించే కార్డు ఉంది. చదువుతుండగానే అక్షరాలు కిందికి జారి మునిగిపోతాయి. ఆ పని నా సబ్‌టైటిల్ చేయలేదు. అందుకని ఆ ఒక్క కార్డుకు తెలుగు ఎక్కించలేదు. పలక మీద సుద్దముక్కతో రాసి అమ్మ ముందు పట్టుకుని, తడిగుడ్డతో పైనుంచి కిందికి మెల్లగా తుడుస్తాను. నిన్న ఒకసారి చేసి చూశాను. గుడ్డలో నీళ్లు ఎక్కువై సుద్ద చారలుగా కారింది. ఈసారి బాగా పిండి చూడాలి.