నీళ్లు గుంజినంకే గాలం: హన్మకొండ నుంచి రియో నెగ్రోకు

మా ఊరు నర్సంపేట పక్కన. చిన్నప్పుడు బాపు గాలం కర్ర భుజాన వేసుకొని చెరువుకు పోతుంటే వెనకాల ఎర్రల డబ్బా పట్టుకొని నడిచేవాణ్ణి. వానాకాలంలో మత్తడి దూకినప్పుడు ఊరంతా కట్ట మీదే ఉండేది, కానీ బాపు మాత్రం ఆ రోజుల్లో గాలం బయటికి తీసేవాడు కాదు. "నీళ్లు గుంజినంక పోదాం బిడ్డా, ఇప్పుడు చేప యాడుందో దానికే తెల్వదు" అనేవాడు. యాభై ఏళ్లు గడిచాక అమెజాన్ అడవిలోని నదికి పోవాలని డబ్బు కూడబెట్టి, తేదీలు పెట్టుకునే వేళకు ఆ మాట మర్చిపోయాను. అందుకే నా మొదటి ప్రయత్నం చెడింది.

హన్మకొండలో నాది మోటారు వైండింగ్ షాపు. ఆరేళ్లు చిట్టీ కట్టి, ఆ డబ్బుతో నేనూ మా బామ్మర్దీ రెండోసారి సరిగ్గా ప్లాను చేసుకొని నవంబర్‌లో పోయొచ్చాం. ఒక్కొక్కరికి ఏడు లక్షలు దాటింది. చిన్న మొత్తం కాదు. అందుకే ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాత చేసినా నడుస్తుందో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

అమెజాన్ అంటే ఒక్క నది కాదు, వందల ఉపనదులు. అందులో మేము ఎంచుకున్నది రియో నెగ్రో. బ్రెజిల్‌లో మనాస్ అనే పెద్ద నగరం దగ్గర ఇది ప్రధాన నదిలో కలుస్తుంది. పేరుకు నల్ల నది అయినా, దోసిట్లో పట్టుకుంటే పాలు పోయని చాయ్ రంగులో ఉంటుంది. అడవిలో రాలిన ఆకులు ఏడాది పొడవునా నానుతుంటే వచ్చిన రంగు అది. ఆ నీళ్లలో ఆమ్లం ఎక్కువ కాబట్టి దోమలు సరిగ్గా పెరగవు. అడవి నదిలో వారం రోజులు ఉండాలనుకునేవాళ్లకు ఇదొక్కటే పెద్ద కారణం. మనాస్ దగ్గర ఈ నల్ల నీళ్లూ, సొలిమోయిస్ (ప్రధాన నదికి అక్కడి పేరు) తెచ్చే మట్టి నీళ్లూ ఆరు కిలోమీటర్ల దాకా కలవకుండా పక్కపక్కనే పారతాయి. పడవలో ఆ గీత మీదుగా పోతుంటే మా బామ్మర్ది ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు పెట్టి చూశాడు. ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉంది.

ఇంత దూరం పోయింది తుకునరే అనే చేప కోసం. తోక మొదట్లో నెమలి పింఛంలో ఉండే కన్నులాంటి మచ్చ ఉంటుంది, అందుకే ఇంగ్లిష్‌లో పీకాక్ బాస్ అంటారు. ఈ జాతిలో పెద్దది రియో నెగ్రోలో దొరుకుతుంది. 2010లో పట్టిన ప్రపంచ రికార్డు చేప 13 కిలోలు దాటింది. ఒంటి నిండా తెల్లటి చుక్కలున్న చేపనూ, మూడు నల్ల పట్టీలున్న బంగారు రంగు చేపనూ చూస్తే రెండు వేరే జాతులనుకుంటాం. రెండూ ఒక్కటే. గుడ్లు పెట్టే కాలం దగ్గరికి వచ్చేకొద్దీ చుక్కలు పోయి పట్టీలు తేలతాయి, మగచేపకు నుదుటి మీద బొడిపె లేస్తుంది.

కొర్రమట్ట పట్టినవాళ్లకు ఈ చేప కొత్తగా అనిపించదు. ఎర్రటి పిల్లల గుంపు చెరువులో పైకి తేలి బుడబుడమంటుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయని మనకు తెలుసు కదా. తుకునరే కూడా అచ్చం అంతే. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా ఆకలితో కాదు, కోపంతో కొడుతుంది. కప్ప బొమ్మను ఆకుల మీద గెంతించి కొర్రమట్టను లేపిన చెయ్యి అక్కడా పనికొస్తుంది. అయితే కాపలా చేప గాలానికి పడితే అదే చోట, నిమిషంలోపు వదలాలి. పడవ వంద గజాలు పోయాక వదిలితే, అది తిరిగొచ్చేలోపు పిరాన్యాలు (పదునైన పళ్లున్న చేపలు) పిల్లల్ని మిగల్చవు. మా గైడు ఈ విషయంలో చాలా గట్టిగా ఉండేవాడు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఇక నీళ్ల సంగతి. ఈ మొత్తంలో మీరు ఒక్కటే గుర్తు పెట్టుకుంటే ఇదే పెట్టుకోండి. టికెట్ కాదు, ప్యాకేజీ కాదు, ముందు చూడాల్సింది నది ఎంత ఉందని. మనాస్ రేవులో 1902 నుంచి నీటిమట్టం రాసిపెడుతున్నారు. 2021 జూన్‌లో అది 30 మీటర్లు దాటింది. 2024 అక్టోబర్‌లో 12 మీటర్ల చిల్లరకు పడిపోయింది. మధ్యలో తేడా ఆరంతస్తుల మేడంత. నీళ్లు పెరిగినప్పుడు నది ఒడ్డు దాటి అడవిలోకి పోతుంది, చేపలు చెట్ల మధ్య తిరుగుతుంటాయి. తంబాకీ అనే చేప అయితే కొమ్మల నుంచి రాలే పండ్లు తిని బతుకుతుంది. మన మార్కెట్లో రూప్‌చంద్ అని అమ్మే చేప ఉంది చూశారా, దాని పుట్టిల్లు కూడా ఈ అమెజానే, తంబాకీకి దగ్గరి చుట్టం. అలాంటప్పుడు గాలం ఎక్కడ వేస్తారు? నీళ్లు తగ్గితే అడవిలోని చేపంతా మడుగుల్లోకీ, పాయల్లోకీ దిగుతుంది. రియో నెగ్రోలో అది సుమారు సెప్టెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా. దక్షిణం వైపు ఉపనదుల్లో ఇంకా ముందే, జూన్, జూలైల నుంచే తగ్గుతాయి.

నేను మొదటిసారి మే నెలకు అడ్వాన్స్ కట్టాను. ఒక ట్రావెల్ ఏజెంట్ మూడో వంతు ధర తగ్గిస్తామన్నాడు, చిట్టీ డబ్బు చేతిలో ఉంది, ఆగలేకపోయాను. తర్వాత నీటిమట్టం గ్రాఫ్ చూస్తే మే అంటే నది నిండా పొంగుతూ ఉండే నెల. ఆ తగ్గింపు ఎందుకో అప్పుడు అర్థమైంది. రద్దు చేస్తే కట్టినదాంట్లో సగమే తిరిగొచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు, డబ్బు కంటే బాపు మాట మర్చిపోయినందుకే ఎక్కువ బాధేసింది.

కాబట్టి ఆర్నెల్ల ముందు నుంచే గ్రాఫ్ చూడటం మొదలుపెట్టండి. వానాకాలంలో భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుందో, 43 అడుగుల మొదటి హెచ్చరిక దాటిందో లేదో టీవీలో చూస్తాం కదా, అలాగే. మనాస్ మట్టం రోజూ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. కానీ మీరు పోయేది దానికి సుమారు 400 కిలోమీటర్లు పైనున్న బార్సెలోస్ వైపు అయితే ఆ ఊరి మట్టమే చూడాలి. బ్రెజిల్ భూగర్భ సర్వేవాళ్ల బులెటిన్‌లో అది ఉంటుంది. మరీ తగ్గినా ఇబ్బందే. 2023లో, 2024లో కరువు వచ్చి పెద్ద పడవలు ఇసుకలో దిగబడ్డాయి.

సీజన్ మధ్యలో పైన ఎక్కడో పెద్ద వాన పడి నీళ్లు ఒక్కసారిగా పెరగడం కూడా ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని రెపికేచి అంటారు. మాకు మూడో రోజు అదే అయింది. పొద్దున లేచేసరికి నిన్న నిలబడ్డ ఇసుకతిన్నె కనపడలేదు, ఆ పూటంతా ఒక్క చేప తగల్లేదు. మా పడవ కదిలేది కాబట్టి రాత్రికి రాత్రి వేరే ఉపనదిలోకి పోయాం, నాలుగో రోజు మళ్లీ వేట మొదలైంది. అందుకే నా సలహా: ఒడ్డున కట్టిన లాడ్జి ఎంత బాగున్నా వద్దు, ఇల్లులాంటి పెద్ద పడవలో ఉంటూ, పొద్దున చిన్న పడవల్లో వేటకు పోయే పద్ధతే తీసుకోండి. బుక్ చేసే ముందు వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: నీళ్లు పెరిగితే మమ్మల్ని ఎటు తీసుకుపోతారు? నదుల పేర్లతో జవాబు చెప్పినవాళ్లనే నమ్మండి. చేపలు గ్యారంటీ అన్నవాళ్లను వదిలేయండి. వారానికి ఒక్కొక్కరికి మూడు వేల డాలర్లకు తక్కువ మాకు ఎక్కడా దొరకలేదు. విదేశాలకు డబ్బు పంపేటప్పుడు పట్టుకునే ముందస్తు పన్ను, అంటే టీసీఎస్‌ను రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, రసీదులు దాచుకోండి.

కాగితాల్లో అందరూ మర్చిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. బ్రెజిల్ ఆ జ్వరం ఉన్న దేశం కాబట్టి, తిరిగొచ్చేటప్పుడు టీకా కార్డు లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న పది రోజులకు కార్డు చెల్లుబాటులోకి వస్తుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. మేము హైదరాబాద్‌ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాం. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కొని, పాస్‌పోర్ట్ తీసుకొని పోండి. గుడ్డు పడనివాళ్లూ, అరవై దాటినవాళ్లూ ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి. దోమలు తక్కువ అన్నాను కానీ లేవనలేదు. వీసాకు మూడు నెలల ముందే పెట్టుకోండి. వినోదం కోసం చేపలు పట్టడానికి బ్రెజిల్‌లో విడిగా లైసెన్స్ ఉంది, మాకు పడవవాళ్లే ఇప్పించారు. శంషాబాద్ నుంచి దోహా మీదుగా సావో పాలో, అక్కడి నుంచి ఇంకో నాలుగు గంటల విమానంలో మనాస్. పడవ బయలుదేరే ముందు మనాస్‌లో ఒక రాత్రి ఖాళీ ఉంచుకోండి. మా బ్యాగుల్లో ఒకటి మర్నాడు వచ్చింది.

సామాను విషయంలో నాకు చెప్పాలని ఎక్కువ ఉంది, ఎందుకంటే తీగ చుట్టడం నా వృత్తి. రీల్‌కు 50 నుంచి 65 పౌండ్ల గుంజుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం కావాలి. దాన్ని షాపులో వదులుగా చుట్టించుకొస్తే చేప మొదటి గుంజుడుకే పై చుట్టు కింది చుట్లలోకి దిగి ఇరుక్కుంటుంది. కాయిల్‌కు తీగ చుట్టేటప్పుడు ఎంత బిగువు పెడతామో అంతే బిగువుతో, తడి గుడ్డలో నుంచి దారాన్ని లాగుతూ చుట్టండి. ముందు స్పూల్ మీద కొంచెం మామూలు తంగూసు చుట్టి దాని మీద బ్రెయిడ్ వేస్తే జారదు. రాడ్ ఆరున్నర నుంచి ఏడు అడుగులది, గట్టిది, మూడు నాలుగు ముక్కలుగా విడిపోయేది అయితే సూట్‌కేసులో పడుతుంది. రెండు తీసుకోండి, ఒకటి విరగడం మామూలే. గాలాలు, ల్యూర్లు (ఎర బదులు వాడే బొమ్మలు) చేతి బ్యాగులో పెట్టకండి, విమానంలోకి రానివ్వరు. చిన్న విమానం ఎక్కాల్సి వస్తే బరువు చాలా గట్టిగా చూస్తారు.

వెనక ఫ్యాన్ తిరుగుతూ నీళ్లను చీల్చే పెద్ద ల్యూర్ ఉంది. తుకునరే దాని మీదికి లేస్తే బావిలో బండరాయి పడ్డట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు కోసమే ఎవరైనా పోతారు. కానీ రోజంతా దాన్ని విసిరి గుంజాలంటే భుజం పోతుంది. నేను మూడు నెలలు పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో 50 గ్రాముల సీసం కట్టి బకెట్‌లోకి విసరడం ప్రాక్టీస్ చేశాను. దూరం కంటే గురి ముఖ్యం, ఎందుకంటే చేప పడిపోయిన చెట్టు కొమ్మల పక్కనే ఉంటుంది. చెరువులో ప్రాక్టీస్ చేయాలంటే అక్కడి మత్స్య సహకార సంఘాన్ని అడిగి చేయండి. ఆ చేప వాళ్ల బతుకుదెరువు. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ చేపలు తగిలింది నీళ్లలో మునిగే వెంట్రుకల ల్యూర్ అయిన జిగ్‌కు, పెద్ద చేప మాత్రం ఫ్యాన్ ల్యూర్‌కు వచ్చింది. రెండూ పెట్టుకోండి. ల్యూర్లతో వచ్చే గాలాలు తీసేసి మందపువి వేయండి, ముళ్లు ప్లయర్‌తో నొక్కేయండి. తగలగానే డ్రాగ్ (దారం జారకుండా ఆపే రీల్ బ్రేకు) బిగించి ఉంచాలి, మొదటి ఐదు సెకన్లలో కొమ్మల్లోకి దూరిందంటే ఇక రాదు.

ఇసుకతిన్నెల దగ్గర నీళ్లలో దిగితే పాదం ఎత్తి వేయకండి, ఈడుస్తూ నడవండి. అడుగున ఇసుకలో మంచినీటి టేకు చేపలు (స్టింగ్ రే) కప్పుకొని పడుకుంటాయి, తోక ముల్లు దిగితే రోజంతా విలవిల్లాడాల్సిందే. మనాస్ భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలోనే ఉంది, పొడుగు చేతుల చొక్కా, మెడ కప్పే గుడ్డ తప్పవు. తిండికి ఇబ్బంది పడలేదు. అన్నం, చిక్కుడుగింజల కూర రోజూ ఉంటాయి, కర్రపెండలం పిండిని వేయించిన ఫరీన్యా అన్నిటి మీదా చల్లుకుంటారు.

నా పెద్ద చేప ఐదో రోజు మధ్యాహ్నం వచ్చింది, ఏడున్నర కిలోలు. చేతులు తడుపుకొని, పొట్ట కింద అరచెయ్యి పెట్టి, తల నీళ్ల వైపు పెట్టి పట్టుకున్నాను. రెండుసార్లు దవడలు ఆడించి తనంతట తానే జారిపోయింది. బామ్మర్ది ఫోన్ తీసేలోపే పోయింది కాబట్టి ఫొటో లేదు. "బావా, ఇంకోసారి పట్టు" అని వాడు ఆ సాయంత్రమంతా అంటూనే ఉన్నాడు.

పోయేటప్పుడు గైడు కోసం మంచి ప్లయర్ ఒకటి, బ్రెయిడ్ స్పూల్ ఒకటి అదనంగా పెట్టుకోండి. టిప్పు వేరే, ఇది వేరే. నేను చివరి రోజు నా రెండు రాడ్‌లలో ఒకటి కూడా ఆయనకే ఇచ్చాను. ఆయన రీల్ విప్పి, దారం ఎంత బిగువుగా చుట్టానో వేలితో నొక్కి చూసి తల ఊపాడు.